మధ్యయుగ గోదావరి సీమలో భూస్వామ్య సమాజం: దానం, కొలువు, సాగు

వ్యాససంగ్రహం:

మధ్యయుగ ప్రపంచ చరిత్రలో భూస్వామ్య వ్యవస్థ ప్రధానమైన చర్చనీయాంశం. ఐరోపా చరిత్ర నుండి వచ్చిన ఈ భావనను తెలుగునేలకు అన్వయించేటప్పుడు ఏది సరిపోతుంది, ఏది సరిపోదు అన్న విచారణ అవసరం. 11వ శతాబ్ది నుండి 15వ శతాబ్ది వరకు గోదావరి సీమకు చెందిన శాసనాలను ప్రధాన ఆధారంగా చేసుకొని, నాటి భూసంబంధాలను దానభూమి, కొలువుభూమి, సాగుభూమి అనే మూడు దృక్కోణాల నుండి ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ సంబంధాలు కులవ్యవస్థపైన, గ్రామజీవనంపైన, తెలుగు సాహిత్యంపైన చూపిన ప్రభావాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: భూస్వామ్యం, సామంతుడు, అగ్రహారం, నాయంకరం, పుల్లరి, వెట్టి, నందంపూడి శాసనం, రెడ్డిరాజులు.

1. ప్రవేశిక:

తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ నందంపూడి శాసనం పరిచితమే. తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు క్రీ.శ. 1053లో నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు. తరగతి గదిలో ఈ శాసనాన్ని బోధించేటప్పుడు నారాయణభట్టు బహుభాషా పాండిత్యాన్ని, భారత రచనలో ఆయన నన్నయకు చేసిన సాయాన్ని, శాసనశైలిని వివరిస్తాం. పాఠం అక్కడితో ముగుస్తుంది. ఒకసారి డిగ్రీ విద్యార్థిని ఒకరు, “ఊరిని దానం ఇచ్చారంటే ఆ ఊళ్లో అప్పటికే ఉన్నవాళ్ల సంగతేమిటి?” అని అడిగారు. పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్నకు సమాధానం లేదు. నా దగ్గర కూడా ఆ రోజు సరైన సమాధానం లేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

ఒక గ్రామాన్ని దానం చేయడమంటే రాజు ఏమి ఇచ్చినట్లు? పుచ్చుకొన్నవారికి ఏమి దక్కినట్లు? దున్నేవారికి ఏమి మారినట్లు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు వెదికితే మధ్యయుగ భూస్వామ్య సమాజ స్వరూపం చాలావరకు అర్థమవుతుంది.

2. భూస్వామ్యం – పదం, పరిధి:

‘ఫ్యూడలిజం’ అనే మాటకు తెలుగులో రెండు సమానార్థకాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి ‘భూస్వామ్య వ్యవస్థ’, రెండవది ‘సామంత వ్యవస్థ’. వీటిని పర్యాయపదాలుగా వాడుతున్నాం గాని, రెండింటి వెనుక రెండు వేర్వేరు అవగాహనలు ఉన్నాయి. సామంత వ్యవస్థ అన్నప్పుడు ప్రభువుకూ అతని అధీనుడికీ ఉన్న కట్టుబాటు ముందుకు వస్తుంది. ప్రభువు భూమిని, రక్షణను ఇస్తాడు. అధీనుడు విధేయతను, సైనిక సేవను అందిస్తాడు. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ తన ‘ఫ్యూడల్ సొసైటీ’ (1939–40) గ్రంథంలో ఈ వ్యక్తిగత బంధాన్ని మధ్యయుగ ఐరోపా సమాజానికి ముఖ్య లక్షణంగా వివరించాడు. భూస్వామ్యం అన్నప్పుడు భూమిపై హక్కు గలవానికీ, ఆ భూమిని దున్నేవానికీ నడుమ ఉన్న సంబంధం ముందుకు వస్తుంది.

భారతదేశ చరిత్రలో ఈ చర్చను డి.డి. కోశాంబి 1956లో వెలువడిన తన గ్రంథంలో రెండు దశలుగా వివరించాడు. రాజు తన అధికారాన్ని అధీనులకు పంచడం పైనుండి వచ్చిన భూస్వామ్యం. గ్రామంలోనే ఒక భూస్వామి వర్గం రూపొంది రాజ్యానికీ రైతుకూ నడుమ నిలవడం కిందినుండి వచ్చిన భూస్వామ్యం. ఆర్.ఎస్. శర్మ ‘ఇండియన్ ఫ్యూడలిజం’ (1965) గ్రంథంలో భూదానాల వల్ల రాజ్యాధికారం ముక్కలైందని, రైతులు దానగ్రహీతలకు లోబడ్డారని ప్రతిపాదించాడు. హర్బన్స్ ముఖియా దీనిని ప్రశ్నించాడు. ఐరోపాలోని సెర్ఫు ప్రభువు పొలంలో నిర్బంధంగా పనిచేసేవాడు. భారతీయ రైతుకు తన నాగలి, తన ఎద్దులు, తన సాగు ఉన్నాయి కాబట్టి ఇది వేరొక వ్యవస్థ అని ఆయన వాదం. కాకతీయుల కాలాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేసిన సింథియా టాల్బట్ కూడా నాటి ఆంధ్ర సమాజం స్తబ్ధంగా లేదని, వ్యక్తులు సైనిక సేవ ద్వారా పైకి వచ్చే అవకాశం ఉండేదని నిరూపించారు.

ఈ వాదాలలో ఒకదానిని ముందే ఎంచుకొని శాసనాలను దానికి తగినట్లు చదవడం కంటే, శాసనాలు వాడిన మాటలనుండి వ్యవస్థ స్వరూపాన్ని గ్రహించడం ఈ వ్యాసంలో అనుసరించిన పద్ధతి.

3. దానభూమి – అగ్రహారం, దేవాలయం:

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలకు ఒక స్థిరమైన నిర్మాణం ఉంది. మొదట వంశ ప్రశస్తి, తరువాత దాత గుణవర్ణన, ఆపైన గ్రహీత వంశ విద్యా వివరాలు వస్తాయి. పిదప రాజు ఆ ప్రాంతంలోని ‘రాష్ట్రకూటులు’ మొదలైన కుటుంబీకులను పిలిచి దానవిషయాన్ని తెలియజేస్తాడు. ఇక్కడ రాష్ట్రకూటులంటే రాజవంశం కాదు. గ్రామాలలో, విషయాలలో పెద్దరికం వహించిన కాపులు. చివర ఎల్లలు, దానాన్ని భంగపరచేవారికి పాపఫలాలు ఉంటాయి.

ఈ నిర్మాణంలో రెండు విషయాలు గమనింపదగినవి. మొదటిది, గ్రామాన్ని ‘సర్వకరపరిహారం’గా, అంటే అన్ని పన్నుల నుండి మినహాయించి ఇవ్వడం. ఈ మినహాయింపు గ్రహీతకే గాని సాగుదారుకు కాదు. సాగుదారు అంతవరకు రాజుకు చెల్లించిన భాగాన్ని ఇకపై గ్రహీతకు చెల్లించాలి. కాబట్టి రాజు దానం చేసినది ప్రధానంగా మట్టిని కాదు, ఆ మట్టినుండి వచ్చే రాబడిపై తన హక్కును. రెండవది, దానాన్ని కుటుంబీకుల ఎదుట ప్రకటించడం. రైతుపెద్దలకు తెలియకుండా దానం అమలు కాదు. వారి సమ్మతిని శాసనం అడగలేదు, కాని వారి ఉనికిని విస్మరించనూ లేదు. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉంది: ఊళ్లో ఉన్నవారు ఊళ్లోనే ఉన్నారు, వారి పంటలో భాగం వెళ్లే గడప మారింది.

భాషాపరిశోధకులకు ఈ శాసనాల ఎల్లల భాగం మరొక విధంగా విలువైనది. ప్రశస్తి సంస్కృతంలో సాగినా, ఎల్లలు చెప్పేచోట చెరువులు, చెట్లు, పుట్టలు, పొరుగూళ్లు తెలుగు పేర్లతోనే వస్తాయి. భూమి ఎవరిదో తేల్చవలసిన చోట, ఆ భూమిపై నడిచేవారి భాష తప్పనిసరి అయింది.

అగ్రహారాల తరువాత భూమిని, సంపదను ఆకర్షించిన సంస్థ దేవాలయం. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోని వందలాది శాసనాలలో అఖండదీపదానాలు అధికం. దాత ఒక దీపానికి తరచు యాభై గొర్రెలనో, ఇరవై ఐదు ఆవులనో గుడికి సమర్పిస్తాడు. వాటిని ఒక బోయకు అప్పగిస్తారు. అతడు రోజూ మానెడు నెయ్యి దీపానికి పోయాలి. ఈ బాధ్యత అతని కొడుకులకు, మనుమలకు కూడా సంక్రమిస్తుంది. దాతకు పుణ్యం, గుడికి నెయ్యి, కాపరికి మంద దక్కాయి. దానితోపాటు కాపరి కుటుంబానికి తరతరాల కట్టుబాటు ఏర్పడింది. సాధారణంగా భక్తి చరిత్రలో భాగంగా చదివే ఈ శాసనాలు శ్రమ చరిత్రకు కూడా ఆధారాలే.

4. కొలువుభూమి – సామంతుడు, నాయకుడు:

1070లో కులోత్తుంగ చోళుడు వేంగి, చోళ రాజ్యాలను ఏకం చేసిన తరువాత, దూరంగా ఉన్న చక్రవర్తి పేరుతో తీరాంధ్రను స్థానిక ప్రభువులు పాలించారు. చందవోలు కేంద్రంగా వెలనాటి చోడులు, కొల్లేటి ప్రాంతంలో కొలని ప్రభువులు, కోనసీమలో కోనమండల హైహయులు ఇటువంటివారు. 1186 నాటి పిఠాపురం శాసనంలో వెలనాటి పృథ్వీశ్వరుని తల్లి జయాంబిక కుంతీమాధవస్వామికి నవఖండవాడ గ్రామాన్ని సమర్పించింది. ఈ శాసనం వెలనాటి ప్రభువులను చతుర్థాన్వయులుగా, విష్ణుపాదోద్భవులుగా సగర్వంగా పేర్కొంటుంది. రాజ్యాధికారానికి క్షత్రియత్వం అవసరమన్న ధర్మశాస్త్ర నియమాన్ని తీరాంధ్ర ప్రభువులు పట్టించుకోలేదు. భూమి, సైన్యం, దానం ఉన్నవాడు ప్రభువయ్యాడు. ఆ తరువాత రెడ్డిరాజులు కూడా తమ నాల్గవ వర్ణాన్ని దాచుకోలేదు.

కాకతీయులు సామంతులుగా మొదలై స్వతంత్రులైనవారు. ముందు రాష్ట్రకూటులను, పిదప కల్యాణి చాళుక్యులను కొలిచి, రుద్రదేవుని కాలంలో 1163 నాటికి స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నారు. 13వ శతాబ్ది ద్వితీయార్ధంలో వారి శాసనాలలో ‘నాయంకరం’ అనే మాట కనిపిస్తుంది. నాయకుడు నిర్ణీత ప్రాంతపు రాబడిని అనుభవిస్తూ, రాజుకు అవసరమైనప్పుడు సైన్యంతో హాజరు కావాలి. ప్రతాపరుద్రుని కొలువులో డెబ్భై ఐదుగురు నాయకులు ఉండేవారని సంప్రదాయం. విజయనగర కాలంలో ఇదే అమరనాయంకరంగా విస్తరించింది. ఐరోపాలోని ఫీఫుకూ నాయంకరానికీ పోలిక ఉంది, భేదమూ ఉంది. ఫీఫు క్రమంగా వంశపారంపర్య ఆస్తిగా స్థిరపడింది. నాయంకరం సూత్రరీత్యా రాజు ఇష్టంపై ఆధారపడింది. అయితే రాజు బలహీనుడైన ప్రతిసారీ కొలువుభూమి సొంతభూమిగా మారిందన్నది చరిత్ర.

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ఇదే జరిగింది. గోదావరి ప్రాంతంలోని రేకపల్లి కేంద్రంగా ముసునూరి ప్రోలయనాయకుడు అధికారాన్ని నిలబెట్టాడు. ఆయన విలస తామ్రశాసనం, ఢిల్లీ సుల్తానుల పాలనలో అగ్రహారాలు పోయిన తీరును, సాగుదారుల పంట వారికి దక్కని దుఃస్థితిని వర్ణించి, పూర్వ దానాలను తిరిగి నిలిపిన ఘనతను ప్రోలయకు ఇస్తుంది. ఇక్కడ ఒక పరిశీలన అవసరం. తన ప్రభువు కాలంలో సాగుదారుపై పడిన భారాన్ని దానశాసనం చెప్పదు. శత్రువు పాలనను నిందించవలసి వచ్చినప్పుడే సాగుదారు కష్టం శాసనానికి ఎక్కింది.

రాజమహేంద్రవరం రెడ్డిరాజ్యం కూడా కొలువుభూమి నుండి పుట్టినదే. కొండవీటి కుమారగిరిరెడ్డి తన బావమరిదీ మంత్రీ అయిన కాటయవేమునికి తూర్పు సీమను ఇచ్చాడు. అదే కొద్దికాలంలో ప్రత్యేక రాజ్యమైంది. కాటయవేముని కుమార్తె అనితల్లి 1423లో కలువచేరు గ్రామాన్ని పరహితుడనే వైద్యునికి దానం చేసింది. ఆమె శాసనమే ముసునూరి నాయకుల చరిత్రకు ముఖ్యాధారం కావడం విశేషం. భూస్వామ్య సమాజంలో రాజకుటుంబ స్త్రీలకు దాతృత్వం ద్వారా శాసనంలో స్థానం దక్కింది. పొలంలో పనిచేసిన స్త్రీకి ఆ స్థానం దక్కలేదు.

5. సాగుభూమి – అరి, పుల్లరి, వెట్టి:

దానాన్ని, కొలువును మోసినది సాగు. శాసనాలలో భూమిని చాలాచోట్ల వైశాల్యంతో కాక, పట్టే ధాన్యంతో కొలిచారు. 848 ప్రాంతపు పండరంగని అద్దంకి శాసనంలో దానభూమి ఎనభై పుట్ల ధాన్యం పట్టే నేలగా చెప్పబడింది. ప్రభువుకు భూమి అంటే గింజల లెక్క.

పన్నుల పరిభాష కూడా విస్తృతమైనది. ‘అరి’ అంటే పన్ను. ఇంటిపై వేసినది ఇల్లరి, పచ్చికపై వేసినది పుల్లరి. ఇవిగాక దరిశనం, అప్పనం, ఉపకృతి అనేవి కాకతీయ కాలపు శాసనాలలో కనిపిస్తాయి. దర్శనానికి వెళ్లినప్పుడు చెల్లించే కానుక, కోరితే ఇచ్చే సొమ్ము, ఉపకారానికి ప్రతిగా ఇచ్చేది అని వాటి పేర్లు సూచిస్తాయి. మర్యాదగా మొదలైనది ఆనవాయితీగా, ఆనవాయితీ హక్కుగా, హక్కు పన్నుగా మారిన క్రమం ఈ మాటలలోనే ఉంది. చెల్లింపు లేకుండా చేయించుకొనే పని వెట్టి. మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి మొదలైన ఆయగాండ్రకు పంట కళ్లంలోనే వాటా ముట్టేది. ఇది వారికి జీవనభద్రతను ఇచ్చింది. అదే సమయంలో వారిని కులవృత్తికి, ఊరికి కట్టివేసింది.

పుల్లరి ఎంత తీవ్రమైన వివాదానికి దారితీయగలదో కాటమరాజు కథ చెబుతుంది. కరవుకాలంలో నెల్లూరు సీమకు మందలతో వచ్చిన యాదవులు పచ్చికకు బదులుగా కోడెదూడలను ఇస్తామని నల్లసిద్ధితో ఒడంబడిక చేసుకొంటారు. పచ్చిక ఎండిపోయాక పుల్లరి చెల్లించాలా వద్దా అన్న తగవు యుద్ధంగా పరిణమిస్తుంది. ఈ కథను వీరగాథగా చదువుతున్నాం. పంట లేనప్పుడు పన్ను న్యాయమా అన్న ప్రశ్న దాని కేంద్రంలో ఉంది.

6. సమాజంపై, సాహిత్యంపై ప్రభావాలు:

భూస్వామ్య సమాజ ప్రభావాలను ఏకపక్షంగా అంచనా వేయలేం. అగ్రహారాలు విద్యాకేంద్రాలయ్యాయి, దేవాలయాలు శిల్పానికి, నాట్యానికి ఆశ్రయమిచ్చాయి. స్థానిక ప్రభువుల పోటీ తెలుగు శాసనాలు, తెలుగు కావ్యాలు పెరగడానికి దోహదం చేసింది.

గౌరవ చిహ్నాల పంపిణీ మరొక ప్రభావం. రామచంద్రపురం ప్రాంతంలోని టేకి గ్రామంలో లభించిన తామ్రశాసనంలో, కులోత్తుంగుని కుమారుడు రాజరాజ చోడగంగు తెలికి కులంవారికి కొన్ని మర్యాదలు అనుగ్రహించాడు. పెళ్లిలో వధూవరులు వీధులలో గుర్రంపై ఊరేగవచ్చునన్నది వాటిలో ఒకటి. గుర్రమెక్కడానికి రాజశాసనం కావలసి వచ్చిందంటే, శాసనం పొందనివారి మాట ఊహించవచ్చు. భూమితోపాటు వీధి కూడా అంతస్తుల ప్రకారం పంచబడింది. ఊరేగింపు హక్కుపై ఇటీవలి కాలం వరకు గ్రామాలలో జరిగిన తగవులకు ఇంత పాత మూలం ఉంది.

అధికారం ముక్కలు కావడం వల్ల అంతర్యుద్ధాలు పెరిగాయి. పల్నాటి హైహయులకు ఆ సీమ వెలనాటివారి అల్లుడిగా అరణంలో దక్కిందని సంప్రదాయం. వివాహంతో వచ్చిన భూమి పంపకంతో రెండై, పంపకం కారెంపూడి యుద్ధానికి దారితీసింది. ఆ యుద్ధంలో తీరాంధ్ర ప్రభువుల బలం క్షీణించడం కాకతీయుల విస్తరణకు మార్గం సుగమం చేసింది. ఇదే కాలపు సమాజం చాపకూడు వంటి సమతాభావనను బ్రహ్మనాయుని పేరుతో స్మరించుకొంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో శ్రమజీవులైన భక్తులకు ప్రాధాన్యమిచ్చాడు. అంతస్తులను నిర్మించిన సమాజమే వాటిని ధిక్కరించే భావాలకూ చోటిచ్చింది.

ఈ వ్యవస్థలో కవి స్థానాన్ని శ్రీనాథుని జీవితం స్పష్టం చేస్తుంది. రాజమహేంద్రవరంలో ఆయన కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి, భీమేశ్వరపురాణాన్ని మంత్రి బెండపూడి అన్నయకు అంకితమిచ్చాడు. రెడ్డిరాజ్యం అస్తమించిన తరువాత కృష్ణాతీరంలోని బొడ్డుపల్లిని గుత్తకు తీసుకొన్నాడని, వరదలో పంట పోగా ఏడువందల టంకాల శిస్తు చెల్లించలేక బహిరంగ శిక్షకు గురయ్యాడని చాటు సంప్రదాయం చెబుతుంది. ఇది చారిత్రక పత్రం కాదు. కాని ప్రజలు ఏమి నమ్మదగినదిగా భావించారో దాని ద్వారా తెలుస్తుంది. దానభూమి అనుభవించవలసిన కవి సాగుభూమి వైపుకు జారితే, కవిసార్వభౌముడన్న బిరుదు కూడా శిస్తు నుండి కాపాడలేదు. పేరులేని రైతులు అనుభవించిన దానిని తెలుగు సమాజం ఒక మహాకవి పేరుతో గుర్తుపెట్టుకొంది.

7. మధ్యయుగానంతర అవశేషాలు:

రాజవంశాలు మారినా, మధ్యవర్తి హక్కు కొనసాగింది. 1802 శాశ్వత పరిష్కారం పిఠాపురం, పెద్దాపురం వంటి సంస్థానాల జమీందార్లను శిస్తు చెల్లించే భూయజమానులుగా మార్చింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821–1841 మధ్య సుమారు 7.38 లక్షల నుండి 5.61 లక్షలకు తగ్గింది. కరవులు, శిస్తు భారం, నీటి వసతి లేకపోవడం దానికి కారణాలు. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) తరువాతనే డెల్టా స్థితి మారింది. జమీందారీ వ్యవస్థ 1948 చట్టంతో, ఇనాములు 1956 చట్టంతో రద్దయ్యాయి. పాత గ్రామాధికారుల పదవులు 1984 వరకు నిలిచాయి.

చట్టం రద్దు చేసినా భాష రద్దు చేయలేదు. నేడు పూలమొక్కలకు పేరుపొందిన కడియం పక్కన కడియపుసావరం ఉంది. ఉత్తర సర్కారుల రెవిన్యూ పరిభాషలో ‘సావరం’ అంటే జమీందారు జీవనానికి పన్ను లేకుండా విడిచిన భూమి. ఊరిపేరు ఒక్కటే చరిత్రకు చాలిన సాక్ష్యం కాదు. కాని ఇటువంటి మాట ఎదురైన చోట పాత దస్తావేజులను వెదకడం పరిశోధకుని బాధ్యత. అగ్రహారం, మాన్యం, ఖండ్రిక వంటి ఊళ్ల పేర్లు, దొర, కొలువు, ఊడిగం, వెట్టిచాకిరి వంటి మాటలు అదే విధమైన ఆధారాలు.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• గోదావరి సీమలో భూదానం ప్రధానంగా రాబడిపై హక్కు బదిలీ. సాగుదారు భూమిపైనే ఉన్నాడు. అతని నుండి భాగం స్వీకరించేవారు మారారు.

• నాయంకరం ఐరోపా ఫీఫును పోలినా, సూత్రరీత్యా వంశపారంపర్యం కాదు. కేంద్రం బలహీనపడినప్పుడు అది స్వతంత్ర రాజ్యంగా మారింది.

• ఐరోపా సెర్ఫుతో సమానమైన స్థితి ఇక్కడి శాసనాలలో సాధారణంగా కనిపించదు. అయితే వెట్టి, ఆయం, దీపదానపు వంశపారంపర్య బాధ్యతలు శ్రమను కట్టివేసిన వేరొక పద్ధతులు.

• చతుర్థ వర్ణ ప్రభువుల ఎదుగుదల సమాజ చలనశీలతకు నిదర్శనం. ఆ చలనం ఆయుధం, భూమి ఉన్నవారికే పరిమితమైంది.

• శాసనం చెప్పని సాగుదారు పక్షాన్ని వీరగాథలు, చాటువులు, ఊళ్లపేర్లు కొంతవరకు పూరిస్తాయి. శాసనాలను, మౌఖిక సాహిత్యాన్ని కలిపి చదివినప్పుడే భూస్వామ్య సమాజ చిత్రం సమగ్రమవుతుంది.

నందంపూడి శాసనాన్ని బోధించేటప్పుడు దాతను, గ్రహీతను, కవిని పరిచయం చేయడం మన సంప్రదాయం. ఆ శాసనం ప్రకటించబడినప్పుడు ఎదుట నిలబడి విన్న కుటుంబీకులను కూడా పరిచయం చేస్తే ఆ పాఠం పూర్తవుతుంది.